బండి ఆగినా వేడి ఆగదు

నంద్యాల దాటి గిద్దలూరు దారి పట్టిన కాసేపటికి నల్లమల ఘాట్ మొదలవుతుంది. బేతంచెర్ల నాపరాళ్లు నింపుకున్న లారీకి ఆ ఎత్తు ఎక్కడమంటే మాటలు కాదు. గేర్లు ఒక్కొక్కటీ తగ్గుతాయి. ఇంజిన్ రొప్పుతుంది. బానెట్ కింద నుంచి సన్నగా ఓ ఈల... అదే టర్బో.

ఆ డ్రైవరుకు ఈ దారి పాతికేళ్లుగా తెలుసు. క్లీనరుగా లారీ ఎక్కి, డ్రైవరై, చివరికి 2014 మోడల్ బండి ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. భార్య గాజులు బ్యాంకులో ఉన్నాయి. ఫైనాన్సు కిస్తీ నెలనెలా కట్టాలి. అలాంటి బండికి ఏడాది తిరక్కుండానే రెండుసార్లు టర్బో పోయింది!

మొదటిసారి దార్లోనే ఓ షెడ్డులో కొత్తది వేయించాడు. ఆ నెల కిస్తీ సొమ్ములో చాలా భాగం దానికే అయిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ అదే వరస. సన్నటి ఈల సైరన్‌లా మారింది. పొగ నీలంగా వస్తోంది. ట్రిప్పు ట్రిప్పుకీ ఆయిలు తగ్గుతోంది. విజయవాడలో సరుకు దించి, నేరుగా ఆటోనగర్‌కు తీసుకెళ్లాడు.

మాడిన పెనం

పెద్ద మేస్త్రి గొట్టం విప్పి, లోపలి చక్రాన్ని వేళ్లతో పట్టుకుని కదిపాడు. అది అటూ ఇటూ ఊగింది. టర్బో విప్పి చూస్తే బేరింగుల చుట్టూ నల్లగా అట్టకట్టిన మసి.

‘ఘాట్ ఎక్కాక ఏం చేస్తావయ్యా?’ అని అడిగాడు.

‘ఏముంది మేస్త్రిగారూ... కాస్త చదును కనపడగానే పక్కకు తీసి ఆపేస్తా. డీజిలు దండగ కదా!’

మేస్త్రి నవ్వాడు. ‘మీ ఇంట్లో దోసెలు పోస్తారుగా. పొయ్యి ఆర్పేశారని పెనం మీద దోసె మాడకుండా ఉంటుందా? ఇదీ అంతే.’

మాట చిన్నదే. కానీ టర్బో కథంతా అందులోనే ఉంది. డీజిలు మండగా వచ్చే శక్తిలో దాదాపు మూడో వంతు పొగతోపాటు బయటికి పోతుంది. ఆ పొగ తోపుతోనే ఓ చక్రాన్ని తిప్పి, దాంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి పంపొచ్చని ఆలోచించినవాడు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ. 1905లో పేటెంటు తీసుకున్నాడు. గాలి పెరిగితే ఎక్కువ డీజిలు మండించొచ్చు. అదే ఇంజిన్ నుంచి ఎక్కువ బలం వస్తుంది. ఈరోజు రోడ్డు మీద తిరిగే లారీలు దాదాపు అన్నిటికీ టర్బో ఉంది.

అయితే ఆ చక్రం ఉండేది నిప్పుల కొలిమిలో. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు దాన్ని తాకే పొగ వేడి 600 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. చక్రం నిమిషానికి లక్ష చుట్లకు అటూఇటూగా తిరుగుతుంది. అంత వేగాన్ని మోసేది వెంట్రుక కన్నా పల్చటి ఆయిలు పొర. బేరింగును చల్లబరిచేదీ ఆ ఆయిలే. తాళం తిప్పి టక్కున ఆపితే ఆయిలు పంపూ ఆగిపోతుంది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఎర్రగా కాగిన ఇనుము వేడంతా బేరింగు వైపు పాకుతుంది. అక్కడ నిలిచిపోయిన ఆయిలు మాడి మసి అవుతుంది. రోజూ ఇదే జరిగితే ఆ మసి బేరింగును గీరేస్తుంది, ఆయిలు వచ్చే సన్నని గొట్టాన్నీ మూసేస్తుంది. మొదటిసారి షెడ్డులో టర్బో మార్చారే కానీ ఆ గొట్టాన్ని శుభ్రం చేయలేదు. కొత్త టర్బోకూ ఆయిలు సరిగా అందలేదు!

అసలు తప్పు

మేస్త్రి అక్కడితో ఆగలేదు. డీజిలు పంపు సీలు తెగి ఉండటం చూశాడు. ‘పంపు ఎవరు పెంచారు?’ అన్నాడు. డ్రైవరు తల దించుకున్నాడు. ఘాట్‌లో పికప్ బాగుంటుందని తనే పెంచించాడు. బండి లాగింది నిజమే. వెనక నల్లటి పొగ కూడా వచ్చింది. దాన్ని బండి సత్తా అనుకున్నాడు.

నల్లపొగ అంటే గాలికి మించి డీజిలు పోస్తున్నారని అర్థం. డీజిలు ఇంజిన్‌లో అలా పోసేకొద్దీ పొగ వేడి పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, ఇంటర్‌కూలర్ గొట్టం చిరిగినా ఇదే ఫలితం. పిస్టన్లు చేసేది అల్యూమినియంతో. ఆ లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఆయిలూ నీళ్లూ చల్లబరుస్తుండబట్టి పిస్టన్ నిలబడుతుంది. వేడి మరీ పెరిగితే టర్బో ఒక్కటే కాదు, ఇంజినే పోతుంది. అమెరికాలో పికప్ ట్రక్కుల శక్తి పెంచుకునేవాళ్లు ముందుగా పొగ వేడిని చూపే పైరోమీటర్ బిగించుకుంటారు. ముల్లు 700 డిగ్రీల దగ్గరికొస్తే కాలు తీసేస్తారు. మన డ్రైవరుకు ఆ మీటరు లేదు. నల్లపొగ, చెవికి వినపడే ఈల... ఆ రెండే గుర్తులు.

మేస్త్రి పంపును మళ్లీ పాత కొలతకు తెచ్చాడు. గొట్టం మార్చాడు. ఆయిలూ ఫిల్టర్లూ కొత్తవి వేశాడు. ‘ఎత్తులో పెద్ద గేరులోనే తొక్కి లాగొద్దు. ఇంజిన్ బరువెక్కకముందే గేరు తగ్గించు. ఆపే ముందు మూడు నుంచి అయిదు నిమిషాలు స్లోలో వదులు. పొద్దున స్టార్టు చేయగానే రేజ్ చేయకు. ఆయిలు టర్బో దాకా చేరనీ’ అని చెప్పి పంపాడు.

అలాగని గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో ఉంచమని కాదు. దానివల్ల డీజిలూ దండగే, మసీ పెరుగుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగను వడకట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసిని కాల్చేటప్పుడు అది దాదాపు 600 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఆ సమయంలో ఎండుగడ్డి మీద బండి ఆపితే నిప్పంటుకోవచ్చు. బండి కొత్తదైనా పాతదైనా వేడి వేడే!

మూడు నిమిషాలు

ఇప్పుడూ అదే ఘాట్, అవే నాపరాళ్లు. ఎత్తు దాటి బండి పక్కకు తీశాక తాళం వైపు చెయ్యి పోదు. హ్యాండ్ బ్రేకు వేస్తాడు. క్లీనరు కుర్రాడు దిగి చక్రానికి చెక్క పెడతాడు, టైర్లు చూస్తాడు, తాళ్లు బిగిస్తాడు.

‘అన్నా, ఇంకా ఆపవా?’ అని మొదట్లో విసుక్కునేవాడు. ఇప్పుడు అడగడు.

డ్రైవరు సీట్లోనే కూర్చుంటాడు. సిగ్నల్ ఉన్నచోటైతే ఇంటికి ఫోన్ చేస్తాడు. భార్యకు మాటల వెనక ఇంజిన్ చప్పుడు వినిపిస్తుంది. ‘ఎక్కేశావా?’ అంటుంది. పిల్ల స్కూలు ఫీజు, అత్తగారి మందులు, ఆ నెల కిస్తీ... మూడు నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి.

బ్యాంకులోని గాజులు ఇంకా విడిపించలేదు. టర్బో మాత్రం మళ్లీ పోలేదు.