పుష్పకములో ఖాళీ చోటు

పుష్పక విమానమున నెందఱెక్కినను ఇంకొకరికి చోటు మిగులునని మన పెద్దలు చెప్పుదురు. 2008 మార్చిలో శంషాబాదున అంతర్జాతీయ విమానాశ్రయము తెఱువబడినది. అచ్చటినుండి హైదరాబాదు నగరములోనికి నడచు ఆర్టీసీ ఏసీ బస్సులకును పుష్పకమనియే పేరు. మేము ఎక్కిననాడు అందు సగము సీట్లు ఖాళీ. మెహిదీపట్నము దారిలో 2009లో ప్రజాధనముతో కట్టిన 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేపై మాత్రము, కారునకొక్కరు చొప్పున జనులు బారులు తీరి పోవుచుండిరి. ఆకాశమున అపరిచితుని మోచేయి తగులుచుండ రెండు గంటలు కూర్చుండిన పెద్దమనుష్యులకు, నేలపై ఒక గంట అట్లు కూర్చుండుట చిన్నతనమట!

ఇక విమానాశ్రయమును ఊడ్చి తుడుచు స్త్రీల మాట. 2023 డిసెంబరులో తెలంగాణ స్త్రీలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పింపబడినది; పుష్పకమునకు అది వర్తింపలేదు. కలవారిని సిగ్గు ఆపుచున్నది; లేనివారిని ఛార్జీ ఆపుచున్నది. నడుమ సీటు ఖాళీగా పోవుచున్నది.

ఛార్జీ తగ్గించుట ప్రభుత్వమువారి పని. బస్సు దిగి వచ్చిన చుట్టమును, కారు దిగి వచ్చిన చుట్టముతో సమానముగా ఆదరించుట మన యిండ్లలో మొదలు కావలసిన పని. ఇందులకు ఏ శాసనమును అక్కఱలేదు.