లక్షన్నర తిరిగిన విదేశీ కారు, మన ఘాట్ రోడ్డు



ఈ పోస్టు కార్ల గురించి. నవ్వకండి. మెస్ బిల్లు లెక్కపెట్టుకుంటూ హాస్టల్లో బతికే వీళ్లకి కార్లతో ఏం పని అనుకుంటారేమో. పనుంది. మా ఊరి బావ సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకుని, విశాఖలో చదువుతున్న మా ముగ్గురికీ ఫోన్ చేశాడు. "మీరు చదువుకున్నోళ్లు కదరా, కాయితాలు మీరు చూడండి, బండి నేను చూస్తా" అన్నాడు. మాలో ఒకడు ఐటీఐలో డీజిల్ మెకానిక్, ఇంకొకడు బీకాం, ఇంకొకడు బీఎస్సీ. ముగ్గురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మూడు వారాలు ఆదివారాలన్నీ దీనికే పోయాయి. తెలుసుకున్నది మన పిల్లలందరికీ పనికొస్తుందనీసి రాస్తున్నాం.

బావ ఎనిమిదేళ్లుగా వేరేవాళ్ల జీపు నడుపుతున్నాడు. సంత రోజున పాడేరు, మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే అటు. కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బు రెండేళ్లు కదపకుండా దాచాడు. అక్క సంఘంలో లోను తీసింది. మొత్తం కలిపితే మూడు లక్షలు. ఆ జీపు యజమాని రాత్రయితే బండి తీసుకెళ్లిపోతాడు. రోడ్డు మా ఊరి చివరిదాకా వచ్చింది గానీ రాత్రి ఊళ్లో బండి ఉండదు. పురిటి నొప్పులొస్తే ఫోన్ సిగ్నల్ కోసం గట్టెక్కాలి, అంబులెన్సు కిందనుంచి ఎక్కి వచ్చేదాకా కూర్చోవాలి. డోలీ కట్టిన రోజులు మా అమ్మలు ఇంకా మర్చిపోలేదు. కాబట్టి బావ బండి అంటే బావ సంపాదన ఒక్కటే కాదు, రాత్రి మా ఊళ్లో నిద్రపోయే బండి.

మూడు లక్షలకి బొలెరో దొరుకుతుంది, కానీ బాగా పాతది. దాన్ని అడిగేవాళ్లు ఎక్కువ, రేటు దిగదు. అదే డబ్బుకి యూరప్ కంపెనీల కార్లయితే అంత పాతబడనివి దొరుకుతున్నాయి. తలుపు వేస్తే ధబ్ మని గట్టి చప్పుడు, ఏసీ, ఎయిర్ బ్యాగులు. చూస్తే ఎవరికైనా మనసవుతుంది. బావకీ అయింది. ఒకప్పుడు పది లక్షలు పెట్టి కొన్న బండి మూడుకి ఎందుకొస్తోంది అన్నదే మా ప్రశ్న.

ఒక కారణం, ఆ కంపెనీల్లో కొన్ని ఇక్కడ పని తగ్గించుకున్నాయి. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 రూలు వచ్చాక ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, రెనో తమ చిన్న డీజిల్ కార్లు మన దేశంలో ఆపేశాయి. ఫియట్ అయితే కార్లు అమ్మడమే మానేసింది. పార్టు దొరుకుతుందో లేదో అన్న భయం రేటుని కిందికి లాగుతుంది. అలాగని యూరప్ బండంటేనే పాడైపోయేదని కాదు. మన దగ్గర ఎక్కడ చూసినా కనపడే మారుతి స్విఫ్ట్ డీజిల్లో ఉన్న 1.3 ఇంజిన్ ఫియట్‌దే. అది లక్షల ఇళ్లకి వెళ్లింది కాబట్టి ప్రతి ఊరి మెకానిక్కీ చేతికి అలవాటైంది, సామాను ప్రతి షాపులో ఉంది. గ్రీస్ దేశంలో ఒక టాక్సీ డ్రైవరు తన 1976 మెర్సిడెస్ డీజిల్ కారుని 46 లక్షల కిలోమీటర్లు తిప్పాడు, కంపెనీ దాన్ని తీసుకుని మ్యూజియంలో పెట్టుకుంది. ఇది చెప్పగానే బావ మొహం వెలిగిపోయింది. ఆ బండికి ఇంజిన్లు కూడా మార్చుకుంటూ వచ్చారని మావాడు చెప్పాక కొంచెం తగ్గాడు.

మొదటి కారు చూడ్డానికి ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షాపుకి వెళ్లాం. షాపు పేరు, కారు కంపెనీ పేరు ఇక్కడ రాయం. 2014 మోడల్ డీజిల్, మీటరు 84 వేలు చూపిస్తోంది. అమ్మేవాడు మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి "ఏజెన్సీ నుంచా తమ్ముడూ? ఈ బండెక్కితే మీ ఊళ్లో మీరే రాజులు" అన్నాడు. ఎక్కడనుంచి వచ్చామో తెలిశాక కాగితాలు తీయడం మానేసి కబుర్లు మొదలుపెట్టాడు. మన వాళ్లకి ఈ చూపు కొత్త కాదు. బ్యాంకులో, ఆసుపత్రిలో, కాలేజీ ఆఫీసులో అన్నిచోట్లా చూసిందే.

మావాడు మాట్లాడకుండా బానెట్ ఎత్తించాడు. లోపలివైపు ఆయిల్ మార్చినప్పుడు అంటించే చిన్న స్టిక్కరు ఉంది. సగం చెరిగిపోయింది గానీ అంకె చదవొచ్చు, 1,38,000. అడిగితే "అది వేరే బండి స్టిక్కరు" అన్నాడు. వేరే బండి స్టిక్కరు ఈ బండి బానెట్ లోపలికి ఎగిరొచ్చి అంటుకుందన్నమాట! క్లచ్ పెడల్ రబ్బరు చూస్తే గీతలన్నీ అరిగి నున్నగా ఉంది. 84 వేలకి అలా అరగదు. డిజిటల్ మీటరు కాబట్టి తిప్పలేరని చాలామంది అనుకుంటారు. ల్యాప్‌టాప్ పెట్టి నిమిషాల్లో మార్చేస్తారు. అందుకే మీటరు ఒక్కటే నమ్మకుండా పాత సర్వీసు బిల్లులు అడగాలి, వాటి మీద తేదీ, కిలోమీటర్లు రెండూ ఉంటాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 ఉంటే 2019లో 23వ వారం తయారైందని. 40 వేలే తిరిగిందనే బండికి మూడో జత టైర్లు ఉంటే ఏదో లెక్క తప్పినట్టే. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇది ఎన్నో ఓనరు, బ్యాంకు లోను ఇంకా కాగితం మీద ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా అన్నీ వస్తాయి. ఇదంతా ఫ్రీ.

కిలోమీటర్లు ఎక్కువైతేనే చెడ్డ బండి అనుకోకండి. హైవే మీద నెమ్మదిగా లక్షన్నర తిరిగిన ఇంజిన్, ఊళ్లో ఆగుతూ ఆగుతూ అరవై వేలు తిరిగినదానికంటే బాగుండొచ్చు. అబద్ధం చెప్పే మీటరు కంటే నిజం చెప్పే లక్షన్నర నయం.

బండి ఎక్కడనుంచి వచ్చిందో కూడా చూడాలి. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదంది. అప్పటినుంచి అక్కడి పెద్ద పెద్ద కార్లు చవగ్గా వేరే రాష్ట్రాలకి పోతున్నాయి. బయట రాష్ట్రం బండయితే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టి నంబరు మార్పించుకోవాలి. తెలంగాణ బండయినా అంతే. ఆ ఖర్చు కలుపుకోకుండా చవక అనకూడదు. ఇంకొకటి వరద బండి. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ మునిగాయి. నీళ్లలో నానిన కార్లు కడిగి, ఎండబెట్టి, సెంటు కొట్టి అమ్మకానికి పెట్టేవాళ్లున్నారు. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూడండి, బురద మరక అక్కడ దాక్కుంటుంది. సీటు కింద పట్టాల తుప్పు చూడండి. ఈ కార్లలో అంతా వైర్లూ సెన్సార్లూ కాబట్టి, నీళ్లు తాగిన వైరింగు ఈరోజు బాగుంటుంది, రేపు ఘాట్లో ఆపేస్తుంది.

రెండో కారు ఒక రిటైర్డ్ ఉద్యోగి ఇంట్లో చూశాం. 2013 మోడల్, 1,61,000 కిలోమీటర్లు, రేటు 2,40,000. ఆయన మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఫైలు ముందు పెట్టాడు. ప్రతి బిల్లూ ఉంది. మా బీకాం వాడు గంటసేపు ఫైలు వదల్లేదు. బండి లోను తీరిపోయింది గానీ ఆర్సీ మీద బ్యాంకు పేరు తీయించలేదని పట్టుకున్నది వాడే. బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 పెడితే పోతుంది, పెద్ద విషయం కాదు, కానీ డబ్బు చేతులు మారకముందే చేయించుకోవాలి.

అసలు విషయం టైమింగ్ బెల్టు దగ్గర వచ్చింది. ఈ ఇంజిన్లో పైనున్న వాల్వులూ, కిందనున్న పిస్టన్లూ ఒకే తాళానికి ఆడాలి. మన థింసాలో చేతులు పట్టుకున్న వరసలాగా, ఒకరి అడుగు తప్పితే పక్కవాళ్ల కాలు తొక్కేస్తారు. ఆ తాళం పట్టేది ఒక రబ్బరు బెల్టు. కొన్ని ఇంజిన్లకి గొలుసు ఉంటుంది, ఫియట్ 1.3కి గొలుసే. రెనో డస్టర్ 1.5 డీజిల్‌కి బెల్టు. బెల్టు తెగితే పిస్టన్ వెళ్లి వాల్వుని గుద్దుతుంది, ఇంజిన్ హెడ్ పోతుంది, బండి ఖరీదులో పెద్ద ముక్క దానికే అయిపోతుంది. పైగా ముందు చప్పుడు చేసి మరీ తెగదు. కిలోమీటర్లకే కాదు, ఏళ్లకి కూడా రబ్బరు పాతబడుతుంది. ఆ ఫైల్లో బెల్టు 2019లో 92,000 దగ్గర మార్చినట్టుంది. అంటే ఇప్పుడు కొన్నవాళ్లే మళ్లీ మార్చాలి, దాంతోపాటు వాటర్ పంపు కూడా. మాకు తెలిసిన మెకానిక్‌కి చూపిస్తే బెల్టు సెట్టు, క్లచ్, ముందు సస్పెన్షను, రెండు టైర్లు కలిపి డెబ్బై వేలు దాటుతుందన్నాడు. అంటే మూడు లక్షల పది వేలు. ఇన్సూరెన్సు, ట్రాన్స్‌ఫర్ వేరే. చేతిలో ఉన్నది మూడే.

బావ ఇవన్నీ విని, లేచి వెళ్లి కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెయ్యి చాపి నేలకీ కారు పొట్టకీ మధ్య కొలిచాడు. "జానెడు లేదురా" అన్నాడు. మా గెడ్డ దాటేచోట రాళ్లు ఎంత ఎత్తుంటాయో ఆయనకి తెలుసు. తర్వాత ఇంకో మాటడిగాడు, "దీనికి సీసాల డీజిల్ పడతాదా?"

మేము పుస్తకాల్లో చూడని ప్రశ్న అది. మన దగ్గర బంకు దూరం, కిరాణా షాపులో సీసాల్లో, డబ్బాల్లో అమ్మే డీజిలే దిక్కు. పాత జీపు దేన్నైనా తాగేస్తుంది. ఈ కామన్ రైల్ ఇంజిన్లు అలాకాదు. కారు టైర్లో గాలి రెండు బార్ల దాకా ఉంటుంది, ఈ ఇంజిన్ డీజిల్ పైపులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. చాలా సన్నని రంధ్రాల్లోంచి పిచికారీ అవుతుంది. నీటి చుక్క, దుమ్ము పడితే ఇంజెక్టర్లు పోతాయి. ఇది యూరప్ బండికే కాదు, కొత్తరకం డీజిల్ ఏదైనా అంతే. కాకపోతే వీటి ఇంజెక్టరు పోతే పాడేరులో దొరకదు, విశాఖ నుంచి బస్సు పార్సిల్లో రావాలి. రెండు మూడు రోజులు బండి ఆగితే సంత పోతుంది, సంత పోతే సంఘం వాయిదా ఆగుతుంది.

"రాత్రి రెండుకి ఘాట్లో, వెనక సీట్లో మనిషి నొప్పులు పడతా ఉంటే ఇది ఆగిపోతే ఎవడొస్తాడ్రా?" అని బావ అడిగాడు. ఎవరం మాట్లాడలేదు. ఆ పెద్దాయన కూడా "నాకు అమ్ముడవకపోయినా ఫర్వాలేదు బాబూ, ఊళ్లో తిప్పుకునేవాళ్లకి ఇస్తా" అన్నాడు. మంచి కారే అది. రోజూ విశాఖ నుంచి అనకాపల్లి ఉద్యోగానికి పోయేవాళ్లయితే కొనమనే చెప్తాం.

ఇప్పుడు బావ పాత బొలెరో వెతుకుతున్నాడు, ఇంకో అరవై వేలు కావాలి, వచ్చే కాఫీ పంటదాకా ఆగుతానంటున్నాడు. అక్కకి ఆగడం ఇష్టం లేదు, లోను వడ్డీ ఆగదు కదా అంటోంది. ఇద్దరిదీ న్యాయమే. తెల్ల బోర్డు మీద కిరాయి కొడితే చట్టప్రకారం తప్పు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు రాకపోవచ్చు అని చెప్తే మాత్రం ఇద్దరూ ఒకేసారి "అయితే టాక్సీ ప్లేటుదే చూడండి" అన్నారు.

పాడేరు, చింతపల్లి, అరకు వైపు ఎవరింట్లోనైనా టాక్సీ ప్లేటు బొలెరో అమ్మకానికి ఉంటే చెప్పండి. మీటరు ఎంత తిరిగినా పర్లేదు, బిల్లులుండాలి. మేము వచ్చి చూసుకుంటాం. మావాడు స్పానర్ల సంచి తెచ్చుకుంటాడు.