చక్రముల యింట టెలివిజన్, కాన్యన్ యంచున పెండ్లి

అరిజోనా రాష్ట్రమున ఫీనిక్సు నగరము నుండి గ్రాండ్ కాన్యన్ యను మహాగహ్వరముయొక్క దక్షిణపుటంచునకు సుమారు 230 మైళ్ల దూరము. ఇచ్చటివారు ఉదయమున కారెక్కి మధ్యాహ్న భోజనమునకు చేరుకొందురు. మేము మాత్రము కారులో పోలేదు, ఇంటితోనే పోతిమి. ఇల్లనిన నిజముగా నిల్లే. పొయ్యి, నీళ్లతొట్టి, పడకలు, స్నానపుగది యన్నియు చక్రములపై నెక్కించిన బండి. దీనిని మోటారుహోమ్ అనియు, పొట్టిగా ఆర్వీ యనియు నిచ్చట వ్యవహరింతురు. ముందు తోలువారి పీట, దాని వెనుక సంసారము. అమెరికాలోని బిడ్డల యొద్దకు వచ్చిపోవు సోదరీమణులు నేడు మనలో పెక్కురు కలరు గనుక, ఈ బండిలో మేము టెలివిజన్‌ను మార్చుకొన్న సంగతి వ్రాసిన వారికి వినోదముగాను, కొంత యుపయోగముగాను నుండునని తలంచితిమి.

మా బండి 2003లో తయారైనది. ఒకరు చాలకాలము వాడిన పిమ్మట మేము కొంటిమి. పొడవు 29 అడుగులు. ఆ కాలపు బండ్లలో తోలువారి తలపైన చెక్క అలమర కట్టి, అందులో గాజుగొట్టపు టీవీని బిగించెడివారు. ఆ పెట్టె ధాన్యపు బస్తావలె బరువు. గతుకుల బాటలో అది మా తలలపై కిఱ్ఱుమని మూలుగుచుండును. అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి. అమెరికాలోని పెద్ద ప్రసారకేంద్రములన్నియు 2009 జూన్ 12 నాటితో పాత అనలాగు పద్ధతి మాని డిజిటల్ పద్ధతికి మారినవి. పాత పెట్టెకు ఆ క్రొత్త భాష తెలియదు. నడుమ నొక మార్పిడిపెట్టె యున్నగాని బొమ్మ కనబడదు. అందుచే మా పెట్టె చిరకాలము పిల్లలు మొగము చూచుకొను అద్దముగానే పనిచేసినది. దానిని మార్పింపవలెనని మావారు తరచు ననుచుండిరి. ఊరు చూడబోయి టీవీ చూచుట యేమి వేడుక యని మేము తోసివేయుచుంటిమి.

ఈమారు మా యత్తగారి కోసము మా పట్టు సడలినది. ఆమె పుట్టినిల్లు కడపజిల్లా ప్రొద్దుటూరు. తమ్ముని మనుమరాలిని, దాని తల్లి యుద్యోగమునకు పోవు దినములలో, ఐదేండ్ల ప్రాయము వరకు తామే పెంచిరి. ఆ పిల్ల పెండ్లి కార్తికమాసమున నిశ్చయమైనది. అత్తగారికి మోకాటికి శస్త్రచికిత్స జరిగి మూడు నెలలైనను గాలేదు. అంత దూరపు విమానప్రయాణము కూడదని వైద్యులు చెప్పిరి. ఆమె కన్నీరు పెట్టలేదు గాని రెండు దినములు ఎవరితోను సరిగా మాటలాడలేదు. పెండ్లివారు ముహూర్తమును యూట్యూబులో చూపింతుమని వ్రాసిరి. సరిగా ఆ దినములకే పిల్లల సెలవులు. విడిదికి సొమ్ము కట్టియుంటిమి. ప్రయాణము మానుదమని మేమనగా అత్తగారు ఒప్పలేదు. "చిన్నతనమున గండికోట చూచితిని. ఇది దానికంటె పెద్దదందురు గదా, అదియు చూతును, పెండ్లియు చూతును. అయితే ఆ చేతిఫోనులో వలదు. పిల్ల మొగము నాకు తెలియవలెను" అనిరి.

అరిజోనా గడియారము మన దేశపు గడియారమునకు పండ్రెండున్నర గంటలు వెనుక. వేసవిలో గడియారమును ముందునకు జరుపు ఆచారము, నవహోజాతివారి భూములలో దక్క, ఈ రాష్ట్రమున లేదు గనుక ఏడాది పొడుగునను ఈ లెక్క మారదు. ముహూర్తము ప్రొద్దుటూరిలో ఆదివారము పగలు 11 గంటల 40 నిమిషములకు. మాకది శనివారము రాత్రి 11 గంటల 10 నిమిషములు. మేము దిగవలసిన మేథర్ విడిదిలో బండికి కరెంటు తీగ నీయరు. తీగగల విడిది దాపుననే యున్నది గాని అందు చోటు దొరకలేదు. జనరేటరును ఉదయము కొంతసేపు, సాయంకాలము కొంతసేపు మాత్రమే నడుపనిత్తురు. రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు నిశ్శబ్దము పాటింపవలెను. కాబట్టి ముహూర్తవేళకు బండిలోని బ్యాటరీయే మాకు దిక్కు.

లెక్క యనగానే పుట త్రిప్పివేయకుడు. ఇది పాలవాని పద్దుకంటె కఠినము గాదు. మా పాత సీసపు బ్యాటరీ పేరునకు 1200 వాట్‌గంటలది. సీసపుదానిని సగమునకు మించి వాడిన త్వరలో చెడును. కావున చేతికి వచ్చునది 600. ఇక ఖర్చు: టీవీ, ఇంటర్నెట్టు పలక, ధ్వనిపేటిక కలిసి 75 వాట్లు; మూడు గంటలకు 225. కాన్యన్ యంచు సముద్రమట్టమునకు సుమారు 7000 అడుగుల యెత్తున నున్నది. కార్తికమున రాత్రులు నీళ్లు గడ్డకట్టు చలి. గ్యాసుతో మండు వెచ్చదనపు పొయ్యికి గాలి విసరు పంకా కావలెను. అది రాత్రి పదిగంటలలో సగము సేపు తిరిగినను 450. దీపములకు, నీటిపంపునకు 60. వెరసి 735. అనగా తెల్లవారకముందే బ్యాటరీ చెడు హద్దు దాటును, లేదా వెచ్చదనము నాపవలెను. శస్త్రచికిత్సయైన మోకాటిని చలిలో నుంచి పెండ్లి చూపుట మాకు సమ్మతము గాలేదు.

అందుచే లిథియము బ్యాటరీ కొంటిమి. ఖరీదెక్కువ, మా దసరా చీరలు, దీపావళి చీరలు అందులో పోయినవి. అది 1280 వాట్‌గంటలది, దాదాపు పూర్తిగ వాడుకొనవచ్చును. ఒక్క నియమము కలదు. నీరు గడ్డకట్టు చలిలో దానికి విద్యుత్తు నెక్కింపరాదు. కావున బయటి అరలో నుంచక, లోపల మంచము క్రింద వెచ్చని తావున నుంచితిమి. పాత ఛార్జరు దీనికి తగదు, దానినిగూడ మార్చవలసివచ్చెను.

టీవీ విషయమున మావారికిని మాకును కొంత వాదము జరిగినది. వారు 43 అంగుళములది కావలెననిరి. అది కిటికీని మూసివేయును. కిటికీ లేని యింట వంట చేయుట మాకు కిట్టదు. తుదకు 24 అంగుళములది కుదిరినది. అది బ్యాటరీయొక్క 12 వోల్టులతో నేరుగా పనిచేయునది. సాధారణపు టీవీయైన 12 వోల్టులను ఇన్వర్టరుతో 120 వోల్టులుగా మార్చవలెను. ఆ మార్పులో కొంత విద్యుత్తు వట్టి వేడియై పోవును. బండి గోడలు చూచుటకు గోడలే గాని, పలుచని చెక్కలనడుమ నురుగుపలక, మేకు పట్టదు. లోపలి చట్టము ఎచ్చట నున్నదో తట్టి తట్టి కనుగొని, దానికే మర బిగింపవలెను. టీవీని మోయు ఇనుపచేయి వంటయింటి వైపునకును, పడక వైపునకును తిరుగును. బండి కదలునపుడు కదలకుండ గొళ్లెము వేయవచ్చును. మునుపు వంట చేయువారికి పెట్టె వీపు మాత్రమే కనబడెడిది. ఈ మార్పును మేము తక్కువగా నెంచము. పాత అలమర ఖాళీయైనది. అందు కంబళ్లు, అప్పడముల డబ్బా చేరినవి.

కప్పుపైన మరతో పైకెత్తు ఏంటెన్నా యొకటి యున్నది. పట్టణముల చెంత దిగినపుడు దానిని ప్రసారస్తంభము దెసకు త్రిప్పి, ఛానళ్లను క్రొత్తగా వెదకించినచో ఉచితముగా బొమ్మలు వచ్చును. బండి కదలుటకు మున్ను దింపకున్న చెట్టుకొమ్మ దానిని విరిచివేయును. అందుకై అది పైకున్నంతసేపు స్టీరింగు చక్రమునకు పసుపుగుడ్డ కట్టియుంచుట మా యలవాటు. ప్రొద్దుటూరి పెండ్లి దానికందదు గదా. దానికి ఉపగ్రహపు ఇంటర్నెట్టు కావలెను. ఉపగ్రహ టీవీ గొడుగు భూమధ్యరేఖపైన దాదాపు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచియున్నట్లు తోచు ఉపగ్రహమును చూచును. ఈ దేశమున దానికి దక్షిణాకాశము తెరపిగా నుండవలెను. మేము కొన్న స్టార్‌లింకు చిన్నపలక ఉపగ్రహములు 550 కిలోమీటర్ల యెత్తున పరుగిడునవి. ఒకటి దాటిపోగా మరియొకటి యందుకొనును. పలకను ఉత్తరముగా నుంచి, పైన చెట్లు లేకుండ చూడవలెను. మేథర్ విడిది నిండ పొడవైన దేవదారు జాతి చెట్లే యని విని మా గుండె కొంచెము జారినది.

శనివారము తెల్లవారుజామున బయలుదేరితిమి. ఫీనిక్సు దాటినంతనే చేతులెత్తిన మనుష్యులవలె సగ్వారో జెముడు వృక్షములు కొండలనిండ నిలిచియుండును. బాట యెక్కుచుపోయిన కొలది అవి మాయమై, గడ్డినేలలు వచ్చి, ఫ్లాగ్‌స్టాఫు చేరునప్పటికి అంతయు పచ్చని అడవి. ఒక్క పూటలో కడప యెండ నుండి నీలగిరులకు వచ్చినట్లుండును.

కాన్యన్ ముందుగా కనబడదు. అడవిలో నడచుచుండగా నేల యొక్కసారిగా ముగియును. మేథర్ పాయింటు కడ అంచు వెంబడి చదునైన బాట వేసియున్నారు గనుక చక్రపుకుర్చీలో అత్తగారిని కటకటాల దాక తీసికొనిపోగలిగితిమి. గహ్వరము పొడవు 277 మైళ్లు, లోతు ఒక మైలు, వెడల్పు కొన్నిచోట్ల 18 మైళ్లు. ఈ యంకెలు ఇంటికడ చదివియే వచ్చితిమి. అచ్చట నిలువబడినపుడు ఒక్కటియు జ్ఞప్తికి రాలేదు. ఎఱ్ఱని, పసుపు వన్నెల, ఊదావన్నెల రాతిపొరలు మెట్లుమెట్లుగా దిగి, అట్టడుగున కొలొరాడో నది యొక దారపుపోగు. ఎల్లప్పుడు పోట్లాడుకొను మా పిల్లలు ఇద్దరును మాటలుడిగి నిలిచిరి. అత్తగారు చాలసేపు చూచి, "పెన్న కూడ ఇట్లే కోసినది. దానికింత తీరిక దొరకలేదు" అనిరి.

సాయంకాలము నియమిత వేళలో జనరేటరు నడిపి బ్యాటరీని నింపితిమి. మావారు పలకను పట్టుకొని మా హద్దులలోనే మూల మూలకు తిరిగిరి. రెండు చెట్లనడుమ ఆకాశము కొంత విశాలముగా గనబడిన చోట, భోజనపు బల్ల చివర నుంచి, పొడుగుతీగతో లోపలికి కలిపిరి. ఈ యుద్యానము 2019లో అంతర్జాతీయ చీకటియాకాశపు తావుగా గుర్తింపు పొందినది. బయట నక్షత్రములు చేతికందునట్లుండెను. ఆ చీకటిని చెరుపకుండ కిటికీలకు తెరలన్నియు దింపితిమి.

పదకొండు గంటలకు అత్తగారు పట్టుచీర కట్టుకొని, పసుపు కలిపిన అక్షతల పళ్లెము ఒడిలో నుంచుకొని కూర్చుండిరి. తెరపై ప్రొద్దుటూరి పెండ్లిపందిరి కనబడినది. "అదిగో మా వదిన! చిక్కిపోయినది" యని మొదటిమాట. జీలకఱ్ఱ బెల్లమునకు నాలుగు నిమిషములుండగా బొమ్మ నిలిచిపోయినది. అత్తగారు ఏమియు ననలేదు. పళ్లెము పట్టిన చేయి మాత్రము వణకినది. మావారు కంబళి కప్పుకొని బయటికి పరుగెత్తి, పలకను రెండడుగులు చెట్టునకు దూరముగా జరిపిరి. లోపల మేము "ఇంకొంచెము, ఇంకొంచెము" అని కిటికీ తట్టుచుంటిమి. బొమ్మ కదలినది. తెరసెల్లా తొలగినది. పిల్ల మొగమెత్తినది.

గట్టిమేళము మ్రోగినది గాని, నిశ్శబ్దపు వేళ గనుక ధ్వనిని మిక్కిలి తగ్గించియుంటిమి. గుసగుసగా మ్రోగిన గట్టిమేళమును మేము వినుట అదే ప్రథమము. అత్తగారు లేచి నిలువబడి, తెరకే అక్షతలు వేసిరి. అవి టీవీ అంచున, ఇనుపచేతి మడతలలో, పొయ్యి మీద అంతటను పడినవి. "దాని నుదుట బొట్టు కొంచెము వంకరగా పెట్టిరి" అని కూర్చుండి, అప్పుడు కన్నులు తుడుచుకొనిరి. విందు వడ్డన వరకు చూచి, రెండు గంటలకు గాని పండుకొనలేదు.

తెల్లవారి చూడగా బ్యాటరీలో నూటికి 41 పాళ్లు మిగిలియున్నది. పంకా రాత్రి యంతయు తిరిగినది. ఉప్మా తిని, ఇనుపచేతికి గొళ్లెము వేసి, అంచు వెంబడి తూర్పుగా డెజర్ట్ వ్యూకు పోతిమి. మేరీ కోల్టరు అను స్త్రీ రూపకల్పన చేయగా 1932లో కట్టిన రాతిబురుజు అచ్చట నున్నది. పిల్లలు మెట్లెక్కిరి. అత్తగారు క్రింద ఎండలో కూర్చుండి, పెండ్లికూతురి తల్లికి ఫోను చేసి, బొట్టు సంగతి చెప్పుచుండిరి.