బిడ్డ చెంత పక్షి

కాకిపిల్ల కాకికి ముద్దను సామెత నెఱుగని గృహిణి యుండదు. తల్లి కన్నులకు బిడ్డ యెట్లు కానవచ్చునో అది చెప్పుచున్నది. అయితే ఆ తల్లియే కుంచె పట్టినదైనచో ముద్దొక్కటియే చాలదు. బిడ్డ యెట్లుండవలెనని తాను కోరునో యది విడిచి, బిడ్డ యెట్లున్నదో చూడవలసివచ్చును. ఈ రెండు చూపులను ఒక్క మనస్సున ఇముడ్చుకొనుట యెట్లో సోదరీమణులతో ముచ్చటింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా కాపురము విశాఖపట్టణమున, ఉక్కు కర్మాగారమునకు చేరువను. నా భర్తకు వంతుల ఉద్యోగము. ఒక వారము పగలు, మఱియొక వారము రాత్రి. ఏడేండ్ల కుమార్తె, మూడేండ్ల కుమారుడు, అత్తగారు, మేమిద్దఱము. ఇదియే మా సంసారము. కోరినవారి పిల్లల రూపచిత్రములను నీటిరంగులతో వ్రాసి యిచ్చుట నా వ్యాపకము. ప్రతి బిడ్డ చెంతను ఒక పక్షిని వ్రాయుదును. ఆ పక్షి ఆ బిడ్డ స్వభావమునకు గుఱుతు.

ఇది నేను క్రొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. గోదాదేవి చేత చిలుకను, కుమారస్వామి చెంత నెమలిని మనవారు తరతరములుగా రూపించుచునే యున్నారు. స్పెయిను దేశపు చిత్రకారుడగు గోయా 1787-88లో మాన్యుయెల్ ఒసోరియో యను చిన్న బాలుని వ్రాసెను. ఎఱ్ఱని దుస్తులు ధరించిన యా బాలుని చేతిలో ఒక దారము, దారము చివర కాకిజాతి పిట్ట యొకటి. వెనుక నీడలో పిల్లులు కన్నార్పక దానినే చూచుచుండును. ఆ చిత్రమిప్పుడు న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియములో నున్నది. పసితనమునకు మనమిచ్చు రక్షణ యెంత పలుచనిదో ఆ పిల్లులు చెప్పుచున్నట్లు నాకు తోచును.

మా యూరి తల్లిదండ్రులు పక్షిని ముందే నిశ్చయించుకొని వత్తురు. ఆడపిల్లకు చిలుక గాని కోయిల గాని, మగపిల్లవానికి డేగ. పిల్ల తీయగా పలుకవలెను, పిల్లవాడు పైపైకి ఎగురవలెనని వారి కోరిక. కాని ప్రకృతి యీ పంపకము నెఱుగదు. కంఠమున హారము గల రామచిలుక మగది. ఆడచిలుకకు ఆ హారము లేదు. వసంతమున కుహూ యని పాడునది మగకోయిల. గడ్డిపరకలతో గూడు నల్లు గిజిగాడును మగవాడే. డేగలలోనన్ననో ఆడది మగదానికంటె పెద్దది. రామచిలుకను 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రాష్ట్రపక్షిగా ప్రకటించినది; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి దానిని పట్టి పంజరమున నుంచుట నేరము. నేను చిలుకను వ్రాసినను పంజరమును వ్రాయను.

కావున బిడ్డను చూచిన పిదపనే పక్షిని చెప్పుదును. కదలక కూర్చుండుమని నిర్బంధింపక, ఆడుకొనుచోటనే చూతును. ఒక బాలుని రామకృష్ణా బీచి యొద్ద చూచితిని. తోడివారు కెరటములలో కేరింతలు కొట్టుచుండగా, అతడు ఎండ్రకాయ బొరియ చెంత కదలక మెదలక కూర్చుండెను. నీటిపై చూపు నిలిపి కొమ్మ మీద కాచుకొనియుండు లకుముకి పిట్టయే అతనికి తగినది. తండ్రి కోరినది డేగ. చిత్రమును చూచి ఆయన కొంతసేపు మాటాడక, "వాన కురిసేటప్పుడు వీడు కిటికీ దగ్గర ఇలాగే కూర్చుంటాడండి" అని దానిని తీసికొనిపోయెను.

ఇక తీరిక మాట. ఫ్రాన్సు దేశమున ఎడ్మా మోరిసో, బెర్తు మోరిసో అను అక్కచెల్లెండ్రు కలిసి చిత్రలేఖనము నేర్చిరి. 1869లో అక్క ఒక నౌకాదళోద్యోగిని వివాహమాడి కుంచెను విడిచెను. 1872లో ఆమె తన పసిబిడ్డ తొట్టి చెంత కూర్చుండియుండగా చెల్లెలు వ్రాసిన 'ఊయెల' యను చిత్రము లోకప్రసిద్ధము. తొట్టిపై తెరను పట్టుకొన్న యా చేతిని చూచునపుడెల్ల, అదియు ఒకప్పుడు కుంచె పట్టిన చేయియే కదా యని నా గుండె కలుక్కుమనును. బెర్తు కూడ తల్లియయ్యెను. 1878లో పుట్టిన కూతురు జూలీని పలుమాఱులు చిత్రించెను. నౌకాదళమునకు నెలవైన మా పట్టణమున ఎడ్మా వంటివారు లేకపోరు.

దినమంతయు తీరిక దొరకునని నేనెన్నడును వేచియుండను. ముఖమునకు నిలకడయైన వెలుతురు, చెదరని మనస్సు కావలెను గనుక దానిని పిల్లలు నిద్రలేవక ముందు వ్రాయుదును. ఱెక్కలు, ఆకులు, బట్టల మడతలు పిలుపు వచ్చినపుడు విడిచిపెట్టదగినవి, అవి మధ్యాహ్నమునకు. నీటిరంగు పూత తడియాఱకముందు లేచిపోరాదు. అందుచే పొయ్యిపై అన్నముండగా పూత మొదలిడను. వంటయింటి అలమరలో పోపులపెట్టె ప్రక్కనే చిన్న పుస్తకము, పెన్సిలు ఉండును.

మా కుమార్తె గొంతు పెద్దది. తమ్ముడు వీధి గుమ్మము దాటినచో నాలుగిండ్లకు వినబడునట్లు కేక వేయును. "ఆడపిల్లకు అంత గొంతేమిటి?" అని చుట్టములందురు. ఆమెను చిత్రించునపుడు నాకు తీతువు తప్ప వేఱు పక్షి తోచలేదు. తీతువు కూత అపశకునమని మనలో నమ్మకము గలదు. అత్తగారు చూచి, "అమ్మాయీ, పసిపిల్ల బొమ్మ పక్కన తీతువేమిటే? ఇంటికి మంచిది కాదు" అనిరి. ఆ భయము మనుమరాలిపై ప్రేమ వలన పుట్టినదే. నేను వాదింపక, ఆ పక్షి నడవడిని చెప్పితిని. తీతువు చెట్టున గూడు కట్టదు. బట్టబయట నేలపై, గులకరాళ్ల వన్నెగల గ్రుడ్లను పెట్టును. దాచుటకు ఆకు లేదు, కొమ్మ లేదు. కుక్కయో మనిషియో చేరువకు వచ్చినచో ఆలుమగలు రెండును గొంతెత్తి అఱచుచు, తలమీదుగా ఎగిరి తఱుమజూచును.

అత్తగారు కొంత తడవు ఊరకుండి, "మా ఊరి చెరువుగట్టున ఎప్పుడూ అరుస్తూ ఉండేది. గుడ్ల కోసమని ఎవరికి తెలుసు?" అనిరి. మఱునాడు నేను కాళ్లకు రంగు వేయుచుండగా మఱల వచ్చి చూచి, "కాళ్లకు పసుపు రాసుకున్నట్టే ఉందే!" అని నవ్విరి. చిత్రమును దేవుని గదిలో వలదనియు, వీధిగది గోడకు తగిలింపవచ్చుననియు తీర్పు చెప్పిరి. కావలి కాయు పక్షికి వీధిగదియే తగిన తావు. ఇప్పుడు కుమార్తె వచ్చినవారికెల్ల తీతువు కథను తానే చెప్పుచున్నది, మునుపటి గొంతుతోనే.

సోదరీమణులారా! చిత్రలేఖనము రానివారును ఒక పని చేయవచ్చును. మీ బిడ్డ ఆడుకొనుచుండగా పావుగంట సేపు దిద్దక, పిలువక ఊరక చూడుడు. ఏ పక్షి తగునో ఆలోచింపుడు. మీరు కోరిన పక్షియొకటి, కనబడిన పక్షి వేఱొకటి యైనచో, కనబడినదానినే నమ్ముడు.