ఉస్తరా మీద ఎవరి పేరుంది?

"దాడీ పెంచుకున్న మనిషివి, నీకు ఉస్తరాల షౌక్ ఏంటి భాయ్?" జుమా నమాజ్ అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ నన్ను ఈ మాట అడగనివాళ్లు మా రెడ్డిగూడెంలో తక్కువ. అడగడంలో కాస్త వెటకారం ఉన్నా, సవాల్ సబబైనదే.

జవాబు కూడా తేలికే. దాడీ ఉన్నవాడికే ఉస్తరాతో పని ఎక్కువ. బుగ్గల మీద, గొంతు కింద ఖత్ తీయాలంటే దానంత సాఫ్‌గా ఇంకేదీ తీయదు. ఖత్నా, నాభి కింద వెంట్రుకలు తీయడం, మీసం కత్తిరించడం, గోళ్లు తీయడం, చంకలు శుభ్రం చేసుకోవడం, ఈ ఐదూ ఫిత్రత్ అని సహీ హదీస్. మీసం, గోళ్లు, వెంట్రుకల సంగతి 40 రోజులు దాటనివ్వకూడదని హజ్రత్ అనస్ (ర) రివాయత్. బిడ్డ పుట్టిన ఏడో రోజు అఖీఖా చేసి తల గొరిగిస్తాం, ఆ వెంట్రుకల ఎత్తు వెండి సద్ఖా ఇస్తాం. ఉమ్రా, హజ్ ముగిశాక మగవాళ్లు హల్ఖ్ చేయించుకుంటారు. ముసల్మాన్ జిందగీలోకి ఉస్తరా ఏడో రోజే వచ్చేస్తుంది.

నా దగ్గర ఇప్పుడు 11 పాత ఉస్తరాలున్నాయి. కొన్ని మైలవరం, విస్సన్నపేట, తిరువూరు వైపు పాత హజ్జామ్‌ల ఇళ్లలో, మంగలి వారి ఇళ్లలో దొరికాయి. రెండు పాత ఇనుప సామాన్ల కొట్లో తూకానికి పోతుంటే ఆపాను. మూడు హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో, గొళ్లేలు, తాళంచెవులు, విరిగిన గడియారాల మధ్య కనబడ్డాయి. ఒకటి మా దాదాది. అక్కడి నుంచే ఈ షౌక్ మొదలైంది.

పాత ఉస్తరా చేతికొస్తే ముందు చూడాల్సింది పిడి దగ్గర ఉక్కు మీది ముద్ర. ఎక్కువగా రెండు ఊళ్ల పేర్లు కనిపిస్తాయి: ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, జర్మనీలో జోలింగెన్. షెఫీల్డ్ పాతవి బరువుగా, మందంగా, గొడ్డలికి చుట్టాల్లా ఉంటాయి. జోలింగెన్‌వి రెండు పక్కలా లోపలికి గుల్లగా సానపట్టినవి. గోటితో మీటితే సన్నగా మోగుతాయి. అమెరికాకు వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలని 1890లో అక్కడ చట్టం చేశారు. 'షెఫీల్డ్' అని మాత్రమే ఉండి 'ఇంగ్లండ్' అని లేకపోతే అది చాలాసార్లు అంతకుముందుదే. జోలింగెన్ పేరును ఆ ప్రాంతంలో చేసిన సరుకుకే వాడాలని 1938లో జర్మనీ కానూన్ తెచ్చింది.

పిడిని కూడా చూడాలి. కొమ్ముతో చేసినదైతే మంచిదే, కాకపోతే పురుగు తింటుంది. సెల్యులాయిడ్ పిడి పాతబడితే తనంతట తానే కుళ్లి, అందులోంచి వచ్చే ఆవిరితో ఉక్కును తుప్పు పట్టిస్తుంది. అలాంటి ఉస్తరాను మిగతావాటితో ఒకే పెట్టెలో ఉంచితే వాటినీ పాడుచేస్తుంది. ఏనుగు దంతం పిడి అంటూ ఎవరైనా అమ్మజూపితే దూరంగా జరగండి. మన దేశంలో దంతం కొనడం, అమ్మడం జుర్మ్.

ఇంగ్లండ్ పేరు, జర్మనీ పేరు చూసి ఇది మన వస్తువు కాదనుకోనక్కర్లేదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు కరిగించేవాళ్లు. దాన్ని కొనడానికి ఇరాన్ సౌదాగర్లు అక్కడిదాకా వచ్చేవాళ్లు. దమిష్క్ తల్వార్లని లోకమంతా చెప్పుకున్నవాటి వెనక దక్కన్ ఉక్కు ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'వూట్జ్' అన్నారు, అది మన 'ఉక్కు' అనే మాట నుంచే వచ్చిందంటారు. 1790ల్లో ఆ ఉక్కు ముద్దలు లండన్ చేరాయి. స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు వాటితో పనిముట్లు చేసి మెచ్చుకున్నాడు. తర్వాత అతనూ, కరెంటు మీద పరిశోధనలతో పేరు తెచ్చుకున్న మైకేల్ ఫారడే కలిసి, ఆ ఉక్కు రాజ్ ఏంటో తెలుసుకోవాలని ప్రయోగాలు చేసి 1820లో అచ్చువేశారు. ఫారడే తాము చేసిన ఉక్కుతో ఉస్తరాలు చేయించి దోస్తులకు తోఫాగా ఇచ్చేవాడు.

ఇక వాడకం. ఉస్తరాకు రెండు సేవలు: సాన, చమోటా. సానరాయి మీద కత్తిని పడుకోబెట్టి, వెన్నూ అంచూ రెండూ రాయికి తగిలేలా, అంచు ముందు నడిచేలా తోయాలి. వెన్ను మందం ఎంతుంటే కోణం అంత, అది తయారుచేసినవాడే కుదిర్చిపెట్టాడు. మన పని దాన్ని చెడగొట్టకపోవడమే. చమోటా, అంటే తోలు పట్టీ మీద దీనికి ఉల్టా, వెన్ను ముందు నడవాలి. మరిచిపోయి అంచు ముందు పెడితే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. సాన ఎప్పుడో ఒకసారి చాలు. చమోటా ప్రతిసారీ ఉండాలి. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాయాలి. మన వేపు వానాకాలంలో ఒక్క రాత్రి తడిగా వదిలేస్తే పొద్దునకి ఎర్రటి చుక్కలు లేస్తాయి.

చర్మం మీద పెట్టేటప్పుడు కత్తిని సుమారు 30 డిగ్రీలు వంచి, రెండో చేత్తో చర్మాన్ని లాగి పట్టుకోవాలి. దాదా మాట ఒక్కటే: "దబానా నై బేటా, చల్‌నే దేనా." నొక్కకు, దాన్ని నడవనీ అని. ఇందులో సబ్ర్ ఉంది. పది నిమిషాలు ఫోన్ ముట్టుకోకుండా, ఇంకేమీ ఆలోచించకుండా ఉండాలి. ఆలోచన పక్కకు పోతే మెడ మీద ఎర్రటి గీత చెబుతుంది. చివర ఫిట్‌కరీ రాస్తే చురుక్కుమంటుంది, అంతే.

మా దాదా పొదిలో ఉస్తరా ఒక్కటే కాదు. కత్తెర, నహర్నీ, అంటే గోరుగల్లు, చమోటా, చిన్న సానరాయి, ఇత్తడి గిన్నె, ఒక అద్దం. ఆ పొది చంకన పెట్టుకుని మామిడి తోటల వెంబడి ఊరూరా తిరిగేవాడు. పిల్లల ఖత్నాలు చేసేవాడు. సెగ్గడ్డలు కోసి చీము తీసేవాడు. పెళ్లికి ముందు దూల్హాకు హజామత్ ఆయనే చేసేవాడు. మైసమ్మకు మొక్కుకున్న హిందువుల పిల్లలకు పుట్టు వెంట్రుకలు తీసే మంగలి ఆయనా, మా దాదా ఒకరి సానరాయి ఒకరు వాడుకునేవాళ్లట. కోతల కాలంలో ఇంటింటి నుంచీ ధాన్యం వచ్చేది. నగదు తక్కువ, నమ్మకం ఎక్కువ. తొమ్మిదేళ్ల పిల్లాణ్ని తండ్రి ఒక మనిషి ఉస్తరా ముందు కూర్చోబెట్టాడంటే అది చిన్న భరోసా కాదు.

అమెరికాలో జిలెట్ బ్లేడు రేజర్ 1903లో అమ్మకానికొచ్చింది. మొదటి ఏడాది అమ్ముడైనవి 51 మాత్రమే. అదే తర్వాత ప్రపంచమంతా ఇళ్లలోంచి ఉస్తరాను బయటికి పంపింది. మన మంగలి షాపుల్లో మాత్రం అది ఇంకా చాలాకాలం నిలిచింది. ఎయిడ్స్ భయం ఊళ్లకు చేరాక, ఒకే కత్తి పదిమందికి పెట్టే రివాజ్ పోయి, సగం విరిచిన బ్లేడు బిగించే పిడి వచ్చింది. అది మంచి మార్పే. హెపటైటిస్ బి, సి లాంటివీ రక్తం అంటిన కత్తి నుంచి అంటుకుంటాయి. అందుకే నా ఉస్తరా నాకే. ఇంట్లో నా కొడుక్కి కూడా ఇవ్వను, వాడికి వేరే ఉంది. ఖత్నా అంటారా, అది ఇప్పుడు డాక్టర్ చేతిలోనే ఉండాలి. ఆ విషయంలో పాతకాలాన్ని నేను వెనక్కి పిలవను.

నేను వెనక్కి పిలిచేది ఆ చేతుల ఇజ్జత్‌ని.

మూడేళ్ల కింద మా భాంజీకి ఒక రిష్తా వచ్చింది. పిల్ల బీఫార్మసీ చేసింది. అబ్బాయి వాళ్లు మా ఇంటికే వచ్చారు. చాయ్ అయ్యాక పెద్దాయన కళ్లు అల్మారాలోని పెట్టె మీద పడ్డాయి. తీసి చూపించాను. షెఫీల్డ్ ముద్ర చూసి మురిసిపోయాడు. "మాషా అల్లాహ్, యాంటిక్ పీస్! ఇది షోకేస్‌లో పెట్టాలి సాబ్. ఇస్తానంటే ఎంతైనా తీసుకుంటా" అన్నాడు.

"అమ్మను సాబ్, అది మా దాదాది" అన్నాను.

"మీ దాదా కలెక్టరా? ఆయనకీ ఇదే షౌకా?"

"షౌక్ కాదు సాబ్, పేషా. దాంతోనే మా అబ్బాను, ఫుప్పీలను పెంచాడు."

ఆయన ఉస్తరాను మెల్లగా పెట్టెలో పెట్టి, చేతులు రుమాలుతో తుడుచుకున్నాడు. వారం తర్వాత కబురొచ్చింది. పిల్ల బాగుంది, చదువు బాగుంది, కాకపోతే ఖాందాన్ కుదరలేదని. ఉస్తరా షోకేస్‌లోకి పనికొచ్చింది, దాన్ని పట్టిన చేయి మాత్రం ఖాందాన్‌లోకి పనికిరాలేదు.

మనలో జాత్‌పాత్ లేదని మింబర్ మీద చెబుతాం, నిజమే, దీన్‌లో లేదు. మన ఇళ్లలో ఉంది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు, బీసీ-ఇ జాబితాలో 'హజామ్, నాయి, నాయి ముస్లిం, నవీద్' అని ఒక వరుస రాశారు. అదే జాబితాలో సయ్యద్, ముఘల్, పఠాన్‌లను బయట ఉంచారు. సర్కారు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. మనం ఎప్పటి నుంచో పాటిస్తున్న తేడానే కాగితం మీద పెట్టింది. మన జబాన్‌లోనూ అది ఉంది. డబ్బు పోతే తెలుగులో 'క్షవరమైంది' అంటాం, ఉర్దూలో 'హజామత్ బన్ గయీ' అంటాం. ఎవరి పేషానైనా తిట్టుగా వాడుతున్నామంటే, ఆ మనిషిని ఎక్కడ నిలబెట్టామో అర్థమైపోతుంది.

అసలు హజ్జామ్ అంటే అరబీలో హిజామా చేసేవాడు. ప్రవక్త (స) తానే హిజామా చేయించుకున్నారు. చేసినవారు అబూ తైబా (ర), గులామ్. ఆయనకు ఉజ్రత్ ఇప్పించి, ఆయన మీద యజమానులు వసూలు చేసే భారం తగ్గించమని సిఫారసు చేశారు. హజ్జతుల్ విదాలో మినా దగ్గర ప్రవక్త (స) తల గొరిగించుకున్నారు. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. ఆ వెంట్రుకలు అబూ తల్హా (ర) ద్వారా సహాబాకు పంచారు. మషూర్ రివాయత్ ప్రకారం ఆ రోజు ఉస్తరా పట్టింది మామర్ బిన్ అబ్దుల్లాహ్ (ర). ఆయన ఖురైష్‌లో బనూ అదీ మనిషి, అంటే హజ్రత్ ఉమర్ (ర) ఖబీలావారు. శ్రీనగర్ హజరత్‌బల్‌లో మూయె ముబారక్ జియారత్‌కు లోకం బారులు తీరుతుంది. వెంట్రుకను కళ్లకు అద్దుకోవాలనుకునేవాళ్లం, ఉస్తరా పట్టే చేయిని చూసి రుమాలు ఎందుకు తీస్తాం?

మా భాంజీ ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం చేసుకుంటోంది. ఆ రిష్తా పోయినందుకు నాకంటే తనే తక్కువ బాధపడింది. "మామూ, మీ ఉస్తరాల మీద కంపెనీల పేర్లున్నాయి కదా, వాడినవాళ్ల పేర్లెందుకు లేవు?" అని మాత్రం అడిగింది. ఆ సవాల్ నన్ను వదల్లేదు.

అప్పటి నుంచి ప్రతి ఉస్తరాకూ చిన్న చీటీ కడుతున్నాను. తెలుగులో ఒక వరుస, ఉర్దూలో ఒక వరుస. ఎవరి చేతిది, ఏ ఊరు, ఏ ఏ ఊళ్లు తిరిగేవాడు, ఎవరి దగ్గర హునర్ నేర్చుకున్నాడు. ఇంటివాళ్లను అడిగి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి రాయించుకుంటున్నాను. మొదట్లో కొందరు తటపటాయిస్తారు, "ఆ సంగతులెందుకులే సాబ్, పిల్లల పెళ్లిళ్లున్నాయి" అంటారు. వాళ్ల భయం ఏంటో నాకు తెలుసు కనుక బలవంతపెట్టను. ఇంకొకసారి వెళ్తాను. అలా 11లో 7 ఉస్తరాలకు పేర్లు దొరికాయి. నాలుగు చీటీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

మీ ఇంట్లో అటక మీద, పాత ట్రంకు పెట్టెలో ఇలాంటి ఉస్తరా ఉంటే తూకానికి వేయకండి. నాకు ఇవ్వమనీ అడగను. నూనె రాసి, ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడే పేరు అడిగి రాసి పెట్టుకోండి. ఆ పేరు మీ దాదాదో నానాదో అయితే, పిల్లల ముందు గట్టిగా చదవండి.