జిన్ అందించిన చేతులు

జార్జ్ ఆర్వెల్ 1934లో ప్రచురించిన ‘బర్మీస్ డేస్’ నవలను మళ్ళీ చదివాను, ఈసారి యాంగోన్ నగరంలో, లత పేటలో ఉంటూ. 1922 నుంచి 1927 వరకు బర్మాలో పోలీసు అధికారిగా పనిచేసిన అనుభవం ఆ నవలకు పునాది. అందులో తెల్లవారి క్లబ్బుకు ఊపిరి మద్యం, ముఖ్యంగా జిన్.

డ్రై జిన్ సున్నితమైన పానీయం. జునిపర్ కాయల పరిమళం ముందుండాలి. దాని వెనుక మన వంటింటి ధనియాలు, ఏంజెలికా వేరు, నిమ్మ, నారింజ తొక్కలు. మేలు రకమా కాదా తెలియాలంటే, మొదట రెండు చుక్కల చల్లని నీటితో, మరేమీ కలపకుండా రుచి చూడాలి. తీపి తగలకూడదు, గొంతులో మంట తప్ప మరేదైనా మిగలాలి. గ్లాసు ముందే చల్లబరచి, పెద్ద ఐసుముక్కలు వేయాలి; చిన్నవి త్వరగా కరిగి పరిమళాన్ని పలుచన చేస్తాయి.

1871లో రంగూన్‌లో వెలసిన పెగు క్లబ్బు పేరుతో ఒక కాక్‌టెయిల్ ఉంది. జిన్ రెండు పాళ్ళు, నారింజ క్యూరసావ్ ఒక పాలు, చెంచాడు నిమ్మరసం, కొన్ని బిట్టర్స్ చుక్కలు. 1930 నాటి సవాయ్ హోటల్ పుస్తకంలోకి ఎక్కింది కనుక క్లబ్బు పోయినా పేరు నిలిచింది.

జిన్‌తో టానిక్ తాగితే మలేరియా రాదన్న మాటకు వైద్యుడిగా ఒక లెక్క చెప్పాలి. అమెరికా నిబంధన ప్రకారం లీటరు టానిక్‌లో క్వినైన్ 83 మిల్లీగ్రాములకు మించరాదు. చికిత్సకు పెద్దవారికి రోజుకు సుమారు 1800 మిల్లీగ్రాములు కావాలి. అంటే ఇరవై లీటర్లకు పైమాటే!

నవలలో నన్ను ఆపేది మద్యం కాదు, ఐసు. ఐసు అయిపోవస్తోందని క్లబ్బు బట్లరు చక్కని ఇంగ్లీషులో చెబుతాడు. అంత బాగా మాట్లాడినందుకే ఎల్లిస్ అతణ్ణి తిడతాడు. ఆ బట్లరు ద్రావిడుడని ఆర్వెల్ రాశాడు. క్లబ్బు బయట నిలిచినవాడు డాక్టర్ వీరాస్వామి. ఊరి వైద్యుడు, చదువుకున్నవాడు, సభ్యత్వం దొరికితే పరువు దక్కుతుందని ఆశపడతాడు. ఒకరు జిన్ అందిస్తారు, మరొకరు అందుకోలేరు.

అదే కాలంలో రంగూన్ రేవులో సరుకు మోసినవారిలో అధికులు మన కోస్తా నుంచి వచ్చిన తెలుగువారు. కోరంగి రేవు పేరుతో వారిని కోరంగీలనేవారు. 1930 మేలో వారి సమ్మె వెంట అల్లర్లు చెలరేగి ఎందరో మరణించారు. క్లబ్బు గ్లాసులు వర్ణించిన నవలలో ఆ రేవు కనిపించదు. ఆ లోటు మన కథకులే పూరించాలి.

చివరికి వీరాస్వామి హోదా తగ్గి మండలేకి బదిలీ అవుతాడు. అక్కడ ఒకే ఒక తెల్లవాడున్న క్లబ్బులో చేరి గర్విస్తాడు. నాకు ఆ పుట మింగుడుపడలేదు. అందుకే ఈ నవలను చదవమంటున్నాను.