వేడెక్కితే మొరాయించే బండి

అస్సలు స్టార్టవని బండిని బాగు చెయ్యడం తేలిక. ఎప్పుడూ స్టార్టయ్యే బండికి బాగుచేత అక్కర్లేదు. చిక్కంతా ఈ రెండింటి మధ్యా ఉండే బండితోనే. పొద్దున ఒక్క కిక్కుకే లేస్తుంది. ముప్పై కిలోమీటర్లు నోరు మెదపకుండా నడుస్తుంది. ఎక్కడో టీ తాగుదామని పది నిమిషాలు ఆపామో, ఇక కదలనంటుంది. చెమటలు కక్కుతూ మెకానిక్కు దగ్గరికి తోసుకెళ్ళేసరికి చల్లబడి, ఆయన కాలు పెట్టగానే బుద్ధిగా స్టార్టవుతుంది. "బానే ఉంది కదన్నా" అంటాడాయన. పంటినొప్పి డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయినట్టు.

మా సాఫ్టువేరు వాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. కస్టమరు దగ్గర పడిపోయే ప్రోగ్రాము మన దగ్గర చక్కగా నడుస్తుంది. అలాంటప్పుడు మేం చెయ్యాల్సిన మొదటి పని కోడు మార్చడం కాదు, తప్పు మన కళ్ళ ముందు మళ్ళీ జరిగేలా చెయ్యడం. జరగని తప్పుని ఎవడూ పట్టుకోలేడు. ఈ చిన్న సూత్రాన్ని బండ్ల విషయంలో మనం ఎందుకు పాటించమో, పాటించకపోవడం వల్ల ఎవరి జేబు చిరుగుతోందో చెబుదామనే ఇదంతా రాస్తున్నాను.

మా పాలమూరు వైపు బండి అంటే షోకు కాదు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాలోంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడిగా జిల్లాలయ్యాయి. ఆఫీసులు దగ్గరికొచ్చిన మాట నిజమే. కానీ ఊరినుంచి ఆ ఆఫీసుకి వెళ్ళడానికి ఏముంది? నాగర్‌కర్నూలుకి రైలు లేదు. వనపర్తి రోడ్ అని స్టేషనుంది గానీ, అది వనపర్తిలో లేదు, మదనాపురం దగ్గరుంది. రైలు దిగాక ఊళ్ళోకి మళ్ళీ బస్సో ఆటోనో చూసుకోవాలి. పట్టణంలోనే స్టేషను ఉన్నది గద్వాలకొక్కదానికే. మిగతాదంతా బస్సు, లేదంటే బండి. నడిగడ్డలో విత్తన పత్తి చేలకి కూలీలని తీసుకెళ్ళేదీ బండే, గద్వాల చీరలు మూట కట్టి తీసుకెళ్ళేదీ బండే, పాలు పోసేదీ బండే.

మా చిన్నాయనది ఆ చివరి పనే. గోపాలపేట వైపు ఊళ్ళలో పాలు పట్టి వనపర్తికి తెస్తాడు. పన్నెండేళ్ళ వంద సీసీ బండి, కార్బురేటరుది. అటొక క్యాను, ఇటొక క్యాను. 2023 ఎండాకాలంలో ఆ బండికి ఈ జబ్బు పట్టుకుంది. పొద్దుటి పాలకి ఇబ్బంది లేదు. సాయంత్రం పాలకే. ఒక ఊళ్ళో ఆపి పాలు కొలుచుకునేసరికి బండి మొరాయించేది. అరగంట ఆగితే లేచేది. ఆ అరగంటా నలభై దాటిన ఎండలో క్యాన్లు ఉడుకుతుంటాయి. పాలు విరిగితే కొనేవాళ్ళు తీసుకోరు, రైతుకి మాత్రం డబ్బు కట్టాల్సిందే. నెలన్నరలో మూడుసార్లు అలా పారబోసాడు.

ఇక వైద్యం సంగతి. నాగర్‌కర్నూల్లో ఒకచోట ప్లగ్గు మార్చి, కార్బురేటరు విప్పి కడిగారు. వనపర్తిలో ఒకచోట "కార్బురేటరే పోయింది" అని కొత్తది వేసారు. ఇంకోచోట బ్యాటరీ మార్చారు. అన్నీ కలిపి నాలుగున్నర వేలు. మార్చిన ప్రతిసారీ బండి స్టార్టయింది, ఎందుకంటే మార్చేలోపు చల్లబడింది కాబట్టి! మందు వేసాక జ్వరం తగ్గితే మందుకే పేరొస్తుంది, దానంతటది తగ్గినా సరే.

అసలు వేడెక్కితే ఏం మారుతుంది? ఇంజను స్టార్టవడానికి మూడు కావాలి. సరైన పాళ్ళలో పెట్రోలూ గాలీ, దాన్ని నొక్కే కంప్రెషను, సరైన క్షణంలో నిప్పురవ్వ. వేడి ఈ మూడింటినీ చెడగొట్టగలదు, అయితే ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఉంటుంది.

పెట్రోలు ఒకే పదార్థం కాదు, ఎన్నో హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులో తేలికవి 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగిలి కార్బురేటరు చల్లగానే ఉంటుంది. ఆపగానే గాలి పోతుంది, ఇంజను వేడి నెమ్మదిగా కార్బురేటరులోకి పాకుతుంది. అందుకే నడిచేటప్పటికన్నా ఆపిన పది నిమిషాలకి అది ఎక్కువ వేడిగా ఉంటుంది. లోపలి పెట్రోలు కుతకుతలాడి, ఆవిర్లు ఇంజనులోకి చేరి మిశ్రమం చిక్కనైపోతుంది. ఫ్లోటు సూది అరిగి పెట్రోలు పొంగినా ఇదే తంతు. గుర్తు: పెట్రోలు వాసన గుప్పుమంటుంది, ప్లగ్గు విప్పితే తడిగా ఉంటుంది. అప్పుడు చోకు లాగకూడదు, ఆక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కు కొట్టాలి. దీనికి తమ్ముడి లాంటిది ట్యాంకు మూత జబ్బు. మూతకుండే గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. మూత తియ్యగానే 'స్‌స్' మని గాలి లాక్కుని, బండి లేస్తే జబ్బు దొరికినట్టే. దీనికి రూపాయి ఖర్చు లేదు.

రెండోది కంప్రెషను. వాల్వుకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య సన్నని ఖాళీ ఉంచుతారు. మనవాళ్ళు టాపెట్ సెట్టింగు అనేది దీన్నే. మిల్లీమీటరులో పదోవంతో, ఇంకా తక్కువో ఉంటుంది. వాడగా వాడగా ఆ ఖాళీ తగ్గిపోతే, వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు. గుర్తు: కిక్కు కాలికి బరువు తగలకుండా మెత్తగా దిగిపోతుంది.

మూడోది నిప్పురవ్వ. అది పుట్టేది రాగి తీగ చుట్టలతో. రాగి వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది. 25 డిగ్రీల నుంచి 100కి వెళ్తే దాదాపు 30 శాతం. ఇది సహజమే, తట్టుకునేట్టే తయారు చేస్తారు. కానీ ఏళ్ళ తరబడి వేడికీ కుదుపులకీ తీగ ఎక్కడో లోపల వెంట్రుక వాసి తెగితే? చల్లగా ఉన్నప్పుడు ఆ రెండు కొసలూ ఆనుకునే ఉంటాయి. వేడికి సాగి దూరమవుతాయి. మళ్ళీ చల్లబడితే కలుస్తాయి. అలక తీరిన మొగుడూ పెళ్ళాల్లాగా :) గుర్తు: వేడి మీద ప్లగ్గులో రవ్వ ఉండదు, చల్లబడ్డాక ఉంటుంది.

చూసారుగా, మూడు జబ్బులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసే గుర్తులన్నీ మాత్రం వేడి మీదే కనబడతాయి. చల్లబడిన బండిని విప్పి చూస్తే దొరికేది శూన్యం. అప్పుడు మిగిలేది ఊహించి సామాను మార్చడమే.

చిన్నాయన బండి జబ్బు దొరికింది గద్వాలలో. చుట్టాల పెళ్ళికని నేనూ ఆయనా ఆ బండి మీదే వెళ్ళాం. పెబ్బేరు దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో పడమరకి తిరిగి గద్వాల. ఊళ్ళో టీకి ఆపాం, అది ఆగిపోయింది. యాభై అడుగుల్లో ఒక మెకానిక్కు షాపుంది. అరవై దాటిన మనిషి. ఏమేం మార్చారో చిన్నాయన చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవన్నీ తర్వాత. సల్లవడకముందే సూడాలె."

స్పానరు కూడా పట్టలేదు. డబ్బాలోంచి ఇంకో ప్లగ్గు తీసి క్యాపుకి తొడిగి, ఇంజను లోహానికి ఆనించి కిక్కు కొట్టమన్నాడు. రవ్వ లేదు. (ఇంజనుకున్న ప్లగ్గు విప్పకుండానే చూసాడు. విప్పిన రంధ్రం పక్కన రవ్వ చూస్తే ఆవిర్లు అంటుకుంటాయి, జాగ్రత్త.) మాగ్నెట్ నుంచి సీడీఐకి వచ్చే వైరు ఊడదీసి మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు. లోపల తీగ తెగిందన్నమాట. మేం రెండో టీ తాగి వచ్చాక అదే చోట మళ్ళీ మీటరు పెట్టాడు. ముల్లు లేచింది, బండీ లేచింది. ఆయన మాత్రం బండి ఆపేసి మాగ్నెట్ కాయిలు మార్చాలన్నాడు. ఆ బండికి నిప్పురవ్వ కరెంటు మాగ్నెట్ నుంచే వస్తుంది, బ్యాటరీతో సంబంధమే లేదు. మార్చిన కొత్త బ్యాటరీ పాపం ఏం చేస్తుంది?

కాయిలు వేసాక డబ్బు తీసుకోలేదు. "జూరాల దాకా పోయి, ఆడ పది నిమిషాలు ఆపి, మళ్ళ స్టార్ట్ జేసి రా. లేస్తెనే పైసలియ్యి" అన్నాడు. వెళ్ళాం, డ్యాము దగ్గర ఆపాం, ఒక్క కిక్కుకి లేచింది. మా ఆఫీసులో దీన్ని టెస్టింగంటాం, దానికో డిపార్టుమెంటు ఉంది. ఆయనకి అలవాటుంది.

తిరిగొచ్చాక బిల్లు: కాయిలు ఏడొందలు, చేతికూలి నూట యాభై. చిన్నాయన ఆనందంగా ఇచ్చాడు. నాకు మాత్రం ఆ నూట యాభై దగ్గరే మనసు ఆగిపోయింది.

ఆలోచించండి. జబ్బు ఏదో తెలియకుండా కార్బురేటరు మార్చినవాడికి సామాను మీద లాభం మిగిలింది. జబ్బు కనిపెట్టినవాడికి నూట యాభై మిగిలింది. కాయిలు విప్పి బిగించినందుకు కూలి ఇచ్చాం, కనిపెట్టినందుకు మాత్రం ఒక టీ కూడా పోయించలేదు. "ఊరికే చూసినందుకు డబ్బులా?" అనేది మన అందరి మాట. డాక్టరు చూసినందుకు ఫీజిస్తాం, వకీలు మాట్లాడినందుకు ఇస్తాం, నేను తప్పు వెతికినందుకు మా కంపెనీ నెలనెలా జీతమిస్తుంది. మెకానిక్కుకి మాత్రం సామాను మారితేనే డబ్బు. మరి ఆయన సామాను మార్చక ఏం చేస్తాడు?

మెకానిక్కుల్ని వెనకేసుకొస్తున్నానని కొందరనొచ్చు. కావాలని ముంచేవాళ్ళు ఉండరని నేననట్లేదు. కానీ ఎక్కువమంది ముంచడం లేదు, సామాను అమ్ముకుని బతకమని మనమే వాళ్ళకి నేర్పాం. షాపు ముందు పది బండ్లు నిలబడి ఉంటే, ఒక బండిని ఇరవై కిలోమీటర్లు తిప్పి, వేడెక్కించి, ఆగిందాకా కాచుకునే తీరిక ఎవరికుంటుంది? ఆ తీరికకి ఖరీదు కట్టేవాడుంటే ఉంటుంది. చిన్నాయన మొదటిచోటే మూడొందలు "చూసే ఫీజు" ఇచ్చి, వేడి మీద చూడమని ఉంటే, నాలుగున్నర వేలూ మూడు క్యాన్ల పాలూ మిగిలేవి. ఇలాంటి ఫీజు పెద్ద ఊళ్ళలో ఉంటుందేమో గానీ మావైపు అడిగే ధైర్యం మెకానిక్కుకి లేదు, ఇచ్చే అలవాటు మనకి లేదు.

కొత్త బండ్లతో ఈ గొడవ పోతుందా? 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 రావడంతో కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చింది. పెట్రోలు ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి మరిగే బెడద తగ్గింది. తప్పు జరిగితే మీటరులో దీపం వెలుగుతుంది, స్కానరు పెడితే కోడు చెబుతుంది. అయితే కోడు చెప్పేది ఏ సర్క్యూట్లో తేడా ఉందనే. సెన్సారు పోయిందా, వైరు తెగిందా, కనెక్టరులో తుప్పా అన్నది మళ్ళీ మనిషే తేల్చాలి, మళ్ళీ వేడి మీదే.

ఇప్పుడు ఇంకో నెపం కూడా దొరికింది, ఇథనాలు. 2025 నాటికి పెట్రోల్లో ఇథనాలు 20 శాతానికి చేరింది. అదే ఏడాది గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రైతులు రోడ్డెక్కారు కూడా. వాళ్ళ గొడవ నీళ్ళ గురించీ పొలాల గురించీ, దానికి నా దగ్గర వెక్కిరింపు లేదు. బండ్ల సంగతికొస్తే, పాత బండ్లలో రబ్బరు సామాను ఇథనాలుకి పాడయ్యే వీలుంది, అది నిజం. కానీ ఆగిన ప్రతి బండికీ "ఇథనాలన్నా" అనెయ్యడం, నిన్నటిదాకా "కార్బురేటరన్నా" అన్నట్టే. పరీక్షించకుండా చెప్పే కారణం ఏదైనా ఒకటే.

మీ బండికి ఈ జబ్బుంటే చెయ్యాల్సినవి నాలుగే. ఒకటి, ఎన్ని కిలోమీటర్ల తర్వాత ఆగుతోంది, ఎంతసేపటికి లేస్తోంది, రాసి పెట్టుకోండి. రెండు, ఆగినచోటే ట్యాంకు మూత తీసి చూడండి, వాసన చూడండి, కిక్కు బరువు చూడండి. మూడు, మెకానిక్కు షాపు దగ్గర్లోనే వేడెక్కించి, ఆగిన బండినే ఆయనకి చూపించండి. నాలుగు, ఒకసారికి ఒక్క సామానే మార్చమనండి, మార్చాక మళ్ళీ వేడెక్కించి చూడండి.

ఐదోది కూడా ఉంది గానీ అది బండికి సంబంధించింది కాదు. జబ్బు కనిపెట్టినవాడికి, కూలి కాక, కనిపెట్టినందుకు కూడా ఇవ్వండి. అరవై దాటిన ఆయన షాపులో పిల్లలెవరూ పని నేర్చుకుంటూ కనబడలేదు. నూట యాభైకి ఎవరు నేర్చుకుంటారు?